కొన్న రెక్కలు

నగారా మోగింది. ఆ మోతకు మరకతద్వీపంలోని చిలకలన్నీ ఒక్క పెట్టున లేచేసరికి తెల్లవారుతున్న ఆకాశం కాస్తా పచ్చబడింది. మాంత్రికుడు కపాలకేతుని మాయారంగంలో రెండవ కోట తలుపులు తెరిచే వేళ అది.

ఏం కోట! అడుగంతా ఏనుగు వీపులాంటి నల్లరాయి, దాని మీద పగడపు గోడలు, గోడల మీద ముత్యాలు పొదిగిన బురుజులు, అన్నిటికీ పైన మబ్బులను ఒరుసుకుంటూ అద్దాల గోపురం. గోపురం కొసన బంగారు గంట. పొద్దుటి ఎండ ఆ అద్దాల మీద పడి ముక్కలు ముక్కలై, కింద నిలిచినవారి ముఖాల మీద ఇంద్రధనుస్సులు పూసింది. వాకిటికి అటూ ఇటూ చేతుల్లో దీపాలు పట్టిన రాతి స్త్రీలు బారులు తీరి ఉన్నారు. చూసినవారు చూసినట్టే ముక్కున వేలు వేసుకున్నారు.

కొమరుడు మాత్రం ముంతలోని జొన్న అంబలి తాగుతున్నాడు. అందులో ఉప్పు పడిందో లేదో అతనికి తెలియదు. సంచిలో గింజలు పోసినట్టు పోసుకుని, ముంత కడిగి పక్కన పెట్టాడు. బారులో మూడవ రాతి స్త్రీ అతని అక్క సింగారి. ఆమె వైపు ఒకసారి చూశాడు. గుండెలో ఎక్కడో లోతున చిన్న వెచ్చదనం కదిలింది. మిగిలినది అంతే.

అక్కాతమ్ముళ్లు వేగవతీ నదిలో పుట్టి నడిపేవారు. వెదురు బుట్టకు తోలు బిగించిన గుండ్రని పడవ అది. ఒకనాడు కపాలకేతుడు మారువేషంలో వచ్చి ఆ పుట్టి ఎక్కి, దర్జాగా కాళ్లు నీళ్లలో వేలాడవేశాడు. "కాళ్లు పైకి తియ్యవయ్యా, మొసళ్లున్నాయి! చెబితే వినపడదా?" అని సింగారి అదిలించింది. మంచి చెబితే మాంత్రికుడికి ఒళ్లు మండింది. ఒడ్డు చేరేసరికి ఆమె రాయి అయింది. మాయారంగపు గంట మోగించినవాడు ఏ రాతిబొమ్మ పేరు చెబితే ఆ బొమ్మకు ప్రాణం వస్తుంది. మిగిలిన బొమ్మలన్నిటినీ రేపటి నుంచి కొత్త కోట పునాదిలో పూడ్చేస్తారు. కొమరుడు వచ్చినది అందుకే.

ఆ పోటీలో మూల్యపు అంగడి ఒకటి ఉంది. ప్రతి వాకిటా గవ్వలమ్మ అనే ముదుసలి, మెడ నిండా గవ్వల పేర్లతో, ముందు రాగి చెంబులు పేర్చుకుని కూర్చుంటుంది. కత్తి కావాలా, కవచం కావాలా, తలపాగాకు కుచ్చు కావాలా, అన్నీ ఉన్నాయి. కాని అక్కడ వరహాలు చెల్లవు. మనిషి లోపల ఉండేదేదో ఒకటి చెంబులోకి తోడి ఇవ్వాలి. ఆ చెంబులే కపాలకేతుడికి భోజనం. తనలో ఏదీ పుట్టక ఊరివారివన్నీ తాగి బతికే రకం వాడు.

మొదటి కోట దాటేసరికి కొమరుడు నాలుక మీది రుచి ఇచ్చి నిప్పంటని కంబళి కొన్నాడు. ఒంటి నొప్పి ఇచ్చి, తొడ మీది గాయం అప్పటికప్పుడు మానే లేపనం కొన్నాడు. భయం ఇచ్చి, చీకటి గుహలో దారి చూపే మిణుగురు కొన్నాడు. భయం పోతే మంచిదేగా అనుకోకండి. వంతెన లేనిచోట కూడా నిబ్బరంగా అడుగు వేయబోతే, వెనుక నుంచి మాచెల్ల జుట్టు పట్టి లాగబట్టి బతికాడు. పైగా బావిలో నీళ్లు తోడితే అడుగున ఉన్న ఒండ్రు కూడా కొంత వచ్చినట్టు, తోడిన ప్రతిసారీ పక్కనున్నవి కూడా కొన్ని వచ్చేశాయి. నవ్వు పోయింది, సిగ్గు పోయింది. అదేం చిత్రమో, పోయాయన్న బాధ కూడా లేదు.

మాచెల్ల అన్నానుగా, ఆమె కొండబోయల పిల్ల, విలుకత్తె. రాయైపోయిన తన గూడెం పెద్దను విడిపించడానికి వచ్చింది. ఇంతవరకూ అంగడి వైపు కన్నెత్తి చూడలేదు.

రెండో కోటలో అడుగు పెట్టేముందు ఆటగాళ్లందరూ కొన్న వస్తువులను తగవుబండ మీద పెట్టాలి. తీర్పు చెప్పే తగవరి శంఖపాలుడు నెరిసిన గడ్డంతో బండ పక్కన నిలిచాడు. ఆయన మాట కపాలకేతుడు కూడా దాటలేడు. అట్లా ప్రమాణం చేశాకే పోటీకి జనం దొరికారు మరి!

"కంటికి ఇంపుగా ఉండి, పోటీలో దేనికీ సాయపడనిది సొంపు. దానికి అడ్డు లేదు," అని శంఖపాలుడు గొంతు సవరించుకున్నాడు. "కొననివాడికి కూడా ఓర్పుతో, శ్రమతో దక్కేదాన్ని ముందుగా చేతిలో పెట్టేది తొందర. దానికి మందలింపుతో సరి. కొంటే తప్ప ఎవరికీ దక్కని బలాన్నిచ్చేది పెంపు. అది కొన్నవాడు మిగిలినవారంతా లోపలికి వెళ్లి, రెండవ నగారా మోగేదాకా వాకిట్లోనే నిలబడాలి."

వినడానికి ఎంత బాగుంది! పేచీ ఎప్పుడూ చేను నడుమ రాదు, గట్టు దగ్గర వస్తుంది.

ముందుగా ఓ బొద్దు వర్తకుడు నెమలి కుచ్చు పెట్టాడు. సొంపు. కంబళి, మిణుగురు మొదటి కోటలోనే పోయాయి గనుక, తరువాత కొమరుడు లేపనపు డబ్బీ ఒక్కటే పెట్టాడు.

"తొందర," అన్నాడు తగవరి. "గాయం కొన్నాళ్లకు ఎవరికైనా మానేదే."

"అదెట్టా సామీ?" అంటూ మాచెల్ల ముందుకొచ్చింది. "నాకూ కాలు కోసుకుంది. ఆకుపసరు కట్టుకుని మూలిగితా పడుంటే ఈ పుట్టోడు నన్ను దాటిపోయినాడు. ఆడు కొన్నది మందు కాదు సామీ, నా ముందు నడిచే రోజులు కొన్నాడు. అది పెంపు కాదా?"

"కష్టపడి తోడి ఇచ్చాను. ఊరికే రాలేదు," అన్నాడు కొమరుడు. కోపంతో కాదు, ఉన్నమాటగా.

"నీదే ఇచ్చినావు, కాదన్లే. ఇచ్చింది నీదైనా, కొన్నది కొన్నదేగా!"

తగవరి తీర్పు మార్చకుండా మందలింపుతో సరిపెట్టాడు. అంతలో గొడుగులు, వింజామరలు, పన్నీటి బుడ్లతో చంద్రకోట యువరాజు రత్నాంగదుడు వచ్చాడు. పండిన మామిడిపండు చీకుతూ, ఆ తీపికి కళ్లు మూసుకుంటున్నాడు. ఇంతవరకూ ఆయన కొన్నన్ని వస్తువులు ఎవరూ కొనలేదు. అయినా ఆయనకు రుచి ఉంది, నవ్వు ఉంది, వెక్కిరింపు అంతకన్నా ఎక్కువ ఉంది. ఆయన వెనుక నిలిచిన సేవకుల ముఖాలు మాత్రం సున్నం కొట్టిన గోడల్లా ఉన్నాయి. యువరాజు కొన్న ప్రతిదానికీ వాళ్లలో ఎవరో ఒకరు చెంబు నింపారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే.

రత్నాంగదుడు పాతవన్నీ వదిలేసి, బండ మీద ఒక శాలువ పరిచాడు. నాచు పట్టిన నల్లరాతి రంగు. జరీ లేదు, అంచు లేదు. అందరూ పకపకా నవ్వారు. చంద్రకోట యువరాజు ఇంత అనాకారి గుడ్డ కప్పుకోవడమా!

శంఖపాలుడు శాలువను ఎత్తి చూశాడు. "కోయదు, మోయదు, కాల్చదు, కాపాడదు. సొంపే. ఇది సొంపని చెప్పడానికి కూడా మనసు రావడం లేదు," అన్నాడు.

"సామీ, అడివిలో కంప రంగు కౌజుపిట్ట అందం కోసరం ఆ రంగేసుకోదు," అంది మాచెల్ల. "నేను ఒప్పుకోను."

"అభ్యంతరానికి జంట మాట కావాలి, తెలుసుగా. నీతో కలిసేవారు ఎవరు?"

మాచెల్ల కొమరుడి వైపు తిరిగింది. కొమరుడు శాలువను చూశాడు. భయం ఉన్న మనిషి అయితే ఆ రంగును, ఎదురుగా ఉన్న కోట అడుగు రాతిని ఒకసారి పోల్చి చూసేవాడు. వీపు జలదరించేది. కొమరుడి వీపు చల్లగా, ఊరికే ఉంది.

"నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు.

"నీ మొగం మీద మన్ను పొయ్య!" అంది మాచెల్ల. రత్నాంగదుడు మామిడి టెంకను విసిరేసి శాలువ కప్పుకున్నాడు. తలుపులు తెరుచుకున్నాయి.

లోపల సొరంగం. అడుగు పెట్టారో లేదో వెనుక తలుపులు మూసుకుపోయాయి. గోడల్లోంచి ఇనుప ఏనుగులు తొండాలు ఊపుతూ బయటికి వచ్చాయి. బొద్దు వర్తకుడి నెమలి కుచ్చు చీకట్లో కూడా ధగధగ మెరవడంతో మొదటి తొండం నేరుగా అతని మీదికే వచ్చి, గడ్డిమోపులా ఎత్తి పైనున్న వలలో పడేసింది. కొమరుడు ఏనుగు పొట్ట కింద నుంచి దొర్లాడు. మాచెల్ల బాణం ఏనుగు మోకాలి కీలులో దిగింది. అది కూలుతుంటే దాని వీపు మీదుగా ఇద్దరూ ఉరికారు. అవతల నేల పలకలు ఒకదాని తరువాత ఒకటి ఊడి పడుతున్నాయి. పరుగు, దూకుడు, మళ్లీ పరుగు. పై నుంచి ఇసుక జలపాతంలా దూకింది. దాన్ని చీల్చుకుని అవతల పడేసరికి ఎదురుగా ఇరుకైన రాతి మెట్లు, ఒకపక్క గోడ, ఒకపక్క పాముల నుయ్యి.

మాచెల్ల ముందు ఎక్కుతోంది. గోడలోంచి ఒక కాలు బయటికి వచ్చింది.

కాలే! నల్లరాతి గోడలో రాయి తప్ప మరేమీ లేదు. ఉన్నట్టుండి పట్టు వార్ల పావుకోడు తొడిగిన కాలు చాచుకుని మాచెల్ల మడమలను తన్నేసింది. ఆమె కేక వేస్తూ నూతిలోకి జారి, చివరి నిమిషంలో ఒక రాతి ముక్కను పట్టుకుని వేలాడింది. కింద పాములు బుసకొట్టాయి. గోడకు ఒక ముఖం మొలిచి నవ్వింది.

"వట్టి సొంపు శాలువ కదా!" అన్నాడు రత్నాంగదుడు. "తగవరిగారే సెలవిచ్చారు." మరుక్షణం ఆ ముఖం కూడా గోడలో కలిసిపోయింది. పావుకోళ్ల చప్పుడు మెట్ల మీద పైకి పైకి వెళ్లింది.

కొమరుడు పైకి చూశాడు, కిందికి చూశాడు. పైన గంట, గంటతో పాటు అక్క. కింద జారిపోతున్న వేళ్లు. గుండె ఏమైనా చెబుతుందేమోనని ఆగితే అది ఏమీ చెప్పలేదు. అయితే పుట్టివారికి ఒక కట్టుబాటు ఉంది. కళ్లెదుట మునిగేవాణ్ణి వదిలి తెడ్డు వేస్తే, ఇక ఆ చేయి తెడ్డు ముట్టరాదు. ఆ కట్టుబాటు అతని చేతుల్లో ఉంది. చేతుల్లో ఉన్నదాన్ని గవ్వలమ్మ తోడలేకపోయింది. నడుముకు చుట్టిన తాడు విప్పి, కిందికి వదిలి, మెట్టుకు కాళ్లు తన్నిపెట్టి లాగాడు.

మాచెల్ల పైకి వచ్చి రొప్పుతూ కూర్చుంది. "అయ్యో, నీ చేతులు!" అంది.

అరచేతుల్లో తోలంతా తాడుతో పాటే పోయింది. నెత్తురు మోచేతుల దాకా కారుతోంది. కొమరుడు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"అవును," అన్నాడు. "పద."

మెట్ల చివర, గోపురం అడుగున, గవ్వలమ్మ మళ్లీ ప్రత్యక్షం! ముందు ఒకే ఒక్క చెంబు, పక్కన తెల్లని రెక్కల జత. పైన, సాలెగూడులాంటి అద్దాల మెట్ల మీద రత్నాంగదుడు ఆయాసపడుతూ ఎక్కుతున్నాడు. ఇంకొక్క వలయం ఎక్కితే గంట తాడు అందుతుంది.

"రాజుగారి బిడ్డకు కూడా చూపించాను నాయనా," అంది గవ్వలమ్మ. "ఇక్కడికి సేవకులు రాకూడదు, నీదే ఇవ్వాలన్నాను. పాపం, తాంబూలం రుచి కూడా వదులుకోలేకపోయాడు. 'నాదా? నా సొంతదా?' అని హడలిపోయి కాలినడకనే పోయాడు."

"నాలో ఇంకా ఏముంది?" అని అడిగాడు కొమరుడు.

ముదుసలి అతని రొమ్ము మీద చెవి ఆనించింది. "ఒకే ఒక్కటి. అడుగున ఉంది, వెచ్చగా ఉంది. మీ అక్క మీది ప్రేమ. అది ఇస్తే రెక్కలు నీవి."

"ఒద్దురా!" అని మాచెల్ల అతని భుజం పట్టి ఊపింది. "ఆ యమ్మ కోసరమేగా ఇంత దూరం వచ్చినావు? అదే అమ్ముకుంటే ఇంక నీకు మిగిలేదేంది? పైగా బండ మీద పెట్టని పెంపుతో గంట కొడితే తగవరి ఒప్పుకోడు."

"గంట మోగితే రాయి కరుగుతుంది. తగవు తర్వాత సంగతి." అన్నాడు కొమరుడు. "మెట్లెక్కి పోతే అక్క పునాదిలోకి పోద్ది. ఇది నా దగ్గరుండి ఆమె లేకపోతే ఏం చేసుకోను?"

"ఆలోచించుకో నాయనా."

"తోడు."

గవ్వలమ్మ చెంబు అంచును అతని గుండెకు ఆనించింది. అది లోపలి నుంచి పైకి వచ్చేటప్పుడు కొమరుడిని ఆసాంతం తడుపుతూ వచ్చింది. ఇన్నాళ్లూ అడుగున పడి ఉన్నదంతా ఒక్కసారిగా తెలిసింది. అక్క తన వేళ్ల మీద వేళ్లు పెట్టి తెడ్డు తిప్పడం నేర్పినది, తనకు జ్వరం వచ్చిన రాత్రి తల ఒడిలో పెట్టుకుని తెల్లవార్లూ తిట్టినది, పెద్ద చేప ముక్క తన ఆకులోకి తోసి, 'నాకు చేప పడదు' అని బొంకినది. ఆమె లేక ఎంత ఏడుపు వచ్చిందో, ఎంత దిగులుగా ఉందో, ఆమె అంటే ఎంత ఇష్టమో! కొమరుడు "అక్కా" అని గట్టిగా అరిచాడు. చెంబు నిండింది. అరుపు సగంలో ఆగిపోయింది. ఎందుకు అరిచానా అని అతను నోరు మూసుకున్నాడు.

రెక్కలు భుజాలకు అతుక్కున్నాయి. తెరిచి ఉన్న అద్దపు కిటికీలోంచి దూకాడు. గాలి ఈలవేసింది, సముద్రం చిన్న పళ్లెమైంది, గోపురం చుట్టూ గిరికీలు కొడుతూ పైకి, ఇంకా పైకి! గంట తాడు మీద రత్నాంగదుడి ఉంగరాల వేళ్లు పడబోతున్నాయి. కొమరుడు మొత్తం ఒంటితో వెళ్లి గంటను ఢీకొన్నాడు.

"సింగారి!" అన్నాడు. మరచిపోకుండా గుర్తు పెట్టుకున్న పేరు గనుక అన్నాడు.

గంట ఖణేలుమంది. అద్దాలన్నీ గజగజలాడాయి. రెక్కల ఈకలు ఒక్కొక్కటే రాలిపోతుండగా కొమరుడు గిరగిర తిరుగుతూ వచ్చి వాకిట్లో ఇసుక మీద పడ్డాడు.

"అన్యాయం!" పై నుంచి రత్నాంగదుడు గొంతు చించుకుంటున్నాడు. "రెక్కలు కొన్నాడు! కొనుక్కుని గెలిచాడు! ఇదేం ఆట?" వాడి సేవకుల ముఖాల్లో నవ్వు మిగిలి ఉంటే ఆ మాటకు తప్పక నవ్వేవారు.

శంఖపాలుడు కర్ర ఎత్తాడు. "పెంపే. బండ మీదికి రాని పెంపు. ఈ గంట చెల్లదు. యువరాజు శాలువను సొంపని చెప్పిన నోటితోనే చెబుతున్నాను, ఈ పాపం నాకు తెలుసు. అయినా చెల్లదు."

ఆ మాట ముగిసీ ముగియకముందే బురుజు మీద నల్లని పొగ సుడి తిరిగి, అందులోంచి కపాలకేతుడు లేచాడు. పెదవులు కదులుతున్నాయి. శిలామంత్రం మళ్లీ మొదలైంది. అది పూర్తయ్యేలోగా పారే నీటిలో అడుగు పెట్టినవారిని ఆ మంత్రం తాకదు. వేగవతి అక్కడికి అల్లంత దూరంలోనే ఉంది. కోట తలుపులు బద్దలు కొట్టుకుని ఇనుప ఏనుగులు బయటపడ్డాయి.

బారులో మూడవ బొమ్మ జుట్టులోంచి రాతిపొడి రాలింది. సింగారి తుమ్మింది. దీపం పారేసి, కళ్లు నులుముకుని, ఇసుకలో ఉన్నవాణ్ణి చూసి పరుగున వచ్చింది.

"కొమరా! ఒరే కొమరా! ఎంత చిక్కిపోయావురా!"

కొమరుడు లేచి నిలబడ్డాడు. ఎదురుగా ఒక స్త్రీ. ముక్కు తన ముక్కులాగే ఉంది. సంగతులన్నీ వరుసగా గుర్తున్నాయి.

"మీరు మా అక్కగారు. మిమ్మల్ని విడిపించడానికి వచ్చాను," అన్నాడు మర్యాదగా. "ఏనుగులు వస్తున్నాయి. త్వరగా నడవండి."

సింగారి చాచిన చేతులు చాచినట్టే ఉండిపోయాయి. "మీరేంట్రా? ఎవరిని పట్టుకుని మీరంటున్నావు?"

"అమ్మేశానండి."

"ఏం అమ్మేశావు?"

"మీ మీది ప్రేమ. రెక్కలకి."

ఆమె అతని భుజాల మీద మిగిలిన ఒకటి రెండు ఈకలను చూసింది. తోలు లేని అరచేతులను చూసింది. ముఖం ముడుచుకుపోయింది, కళ్ల వెంట బొటబొటా నీళ్లు కారాయి. కొమరుడు ఓపికగా నిలబడ్డాడు. గోపురం కిటికీలోంచి మాచెల్ల బాణం రివ్వున వచ్చి ముందు ఏనుగు కంట్లో దిగింది. "ఉరకండ్రా! ఏడుపులు తరవాత!" అని ఆమె కేక.

సింగారి కొంగుతో ముక్కు తుడుచుకుని, తమ్ముడి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"సర్లే. నాది నేనెవరికీ అమ్మలేదుగా," అంది. "ఇప్పటికి దాంతోనే ఇద్దరం గడుపుకుందాం. పరిగెత్తు."

ఇద్దరూ పరుగు తీశారు. వెనుక నేల అదిరింది. మంత్రం చివరి మాటలు గాలిలో వినిపిస్తుండగా సింగారి ఎడమ పాదం వేళ్లు బూడిద రంగుకు తిరిగాయి. ఆమె కుంటుతూనే లాగింది. వేగవతి ఒడ్డున కొమరుడు కట్టి వచ్చిన పుట్టి లేదు. ఎవరో తాడు కోసేశారు. కొమరుడు ఆగబోయాడు. సింగారి ఆగలేదు. మణికట్టు వదలకుండా అతన్ని లాక్కుని వరద నీళ్లలోకి దూకింది.